గోడ మీది స్విచ్చు

ఇంగ్లండులోని ఓల్డమ్ బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన క్లిఫర్డ్‌కి, ఇంట్లోంచి బయటికి వెళ్ళేముందు గోడ మీది స్విచ్చులన్నీ ఆపడం అలవాటు. తల్లి నేర్పిన అలవాటది. భార్య నోరీన్ పోయాక కూడా పోలేదు.

ఆ ఆదివారం అటక మీది పాత అమీగా కంప్యూటర్ దించాడు. సముద్రపు ఒడ్డున నోరీన్ నవ్వుతున్న ఫోటో ఒక్క పాత ఫ్లాపీలోనే మిగిలింది. కుదించి దాచిన ఆ బొమ్మను విప్పడానికి యంత్రానికి తాత్కాలికంగా కాస్త చోటు కావాలి. ఫ్లాపీ నిండిపోయి ఉంది. అందుకని మెమరీలోనే ఆ చోటు ఏర్పాటు చేశాడు. అక్కడ ఉంచింది కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది.

యంత్రం ఫ్లాపీని గరగరమంటూ చదివింది. బొమ్మ గీత తర్వాత గీతగా కిందికి దిగింది. గాలికి చెదిరిన జుట్టు, కళ్ళు, చివరికి నవ్వు.

"బస్సు వెళ్ళిపోతుందిరా! ఆ పెట్టెతోనే కాపురం చేస్తావా ఏంటి?" గుమ్మంలోంచి అక్క డోరిస్ కేకేసింది.

"వస్తున్నానక్కా. తిరిగొచ్చాక దీన్ని కొత్త ఫ్లాపీలోకి ఎక్కిస్తా."

కోటు తొడుక్కున్నాడు. చెయ్యి తనంతట తానే గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చు ఆపేసింది.

తెర నల్లబడ్డాక గానీ తెలియలేదు. మళ్ళీ వేశాడు. ఈసారి యంత్రం గరగరమంది గానీ ఫ్లాపీని చదవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చదవలేదు.

"ఏమైందిరా?"

"నేనే ఆపేశానక్కా."

డోరిస్ చేతిసంచి కింద పెట్టింది. "ఎలా ఉంది నోరీన్?"

"నవ్వుతోంది."

మరుసటి ఆదివారం బయటికి వెళ్తూ అతను కంప్యూటర్ స్విచ్చు ఒక్కటి మాత్రం ఆపలేదు. ఖాళీ తెర వెలుగుతూనే ఉంది. కరెంటు దండగని డోరిస్ అనలేదు.