తగ్గింది ప్యాంటా, పెరిగింది నేనా?

ఆ రోజుల్లో వరంగల్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివేవాడికి భయపడటానికి విశ్వంలో చాలానే ఉండేవి. నాకు మాత్రం మా ప్రొఫెసర్ ఒక్కరే సరిపోయారు. ఏం చెప్పినా "ఎందుకు?" అంటారు కనుక ఆయన్ని మేం 'ఎందుకు సార్' అనేవాళ్లం (ఆయన లేనప్పుడే). సెమినార్‌లో ఆయన తల అడ్డంగా ఊపితే ఆ ఏడాది డిగ్రీ లేనట్టే. దూరపు గెలాక్సీల వెలుగు ఎరుపు వైపు జరిగి కనిపిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టే అలా అని అందరూ అంటారు. అంత దూరం వచ్చి వెలుగే అలసిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. ఇంకో వాదంలో విశ్వం ఉన్నంతే ఉంటుంది, అణువులతో కొలబద్దలతో సహా మనమే తగ్గిపోతుంటాం. దూరపు వెలుగు ఎప్పుడో బయల్దేరింది; అప్పటి అణువులు పెద్దవి కనుక అవి పంపిన తరంగాలూ పొడుగు, అంటే ఎరుపు. ఇది క్లాసులో ఎవరికీ తెలియదు, ప్రశ్నలు రావు అన్న ధీమాతో నా సెమినార్‌కు దీన్నే ఎంచుకున్నాను. దూరదృష్టి నాకు మొదటినుంచీ తక్కువే.

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. సెమినార్ కోసమని బాపు తన మగ్గం మీదే ప్యాంటు గుడ్డ నేశాడు. మా పేట కొత్తవాడలోని దర్జీ దాన్ని తడిమి చూసి, "అన్నా, నీళ్లల్ల నానవెట్టినవా? లేకుంటే కురచైతది" అన్నాడు. బాపుకు రోషం వచ్చింది. "నేను నేసిన బట్ట కురచైతదా? మిల్లు బట్ట అనుకున్నవా? కుట్టు!" నేతగాడితో బట్ట గురించి వాదించే దర్జీ మా పేటలో లేడు. కుట్టాడు. సెమినార్ ముందురోజు అవ్వ ప్యాంటు మెరవాలని ఉతికి ఆరేసింది. పొద్దున తొడుక్కుంటే చీలమండలు రెండూ బయటే ఉన్నాయి. అవతల ఊరంతా నేలను ఊడ్చే బెల్‌బాటమ్‌ల కాలం.

"బాపూ, కురచైంది."

బాపు వంగి ప్యాంటు అంచు కిందికి లాగి చూశాడు. "కురచ కాలే బిడ్డా. నువ్వే పెరిగినవ్."

"నిన్నటికీ ఇయ్యాల్టికా?"

"పెరిగే వయసు గదరా. ఫికర్ చెయ్యకు, పో."

సెమినార్‌లో బల్ల వెనక నిలబడి, దాన్నే నమ్ముకుని మాట్లాడుతున్నాను. "సూత్రం బోర్డు మీద రాయవయ్యా" అన్నారు సార్. బల్ల చాటు వదిలి బోర్డు మీదికి చెయ్యి ఎత్తాను, ప్యాంటూ వెంట వచ్చింది. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

"మనమే తగ్గుతున్నం అంటవ్. మరి నీ ప్యాంటు తగ్గిందా, నువ్వు పెరిగినవా?"

"ప్యాంటే సార్."

"ఎందుకు?"

"పాత అంగీ సరిపోతున్నది సార్. నేను పెరిగితే అదీ బిగుతయ్యేది." (బాపు అక్కడ లేకపోవడం దేవుడి దయ.)

"మంచిది. మరి విశ్వం లెక్క తేల్చే అంగీ ఏది?"

చదివినదంతా వెతికాను. కొలిచే బద్దే తగ్గుతుంటే దేన్ని పట్టుకుని కొలవాలి?

"తెల్వది సార్. ఎటు చూసినా మనకు దొరికేది నిష్పత్తే. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో చెప్పలేం."

ఆయన మొదటిసారి 'ఎందుకు' అనలేదు. తల నిలువుగా ఊపారు. "కూసో. పాసైనవ్."

ఇల్లు చేరేసరికి బాపు వాకిట్లోనే ఉన్నాడు. "సార్ ఏమన్నడ్రా?"

"పాసైన బాపూ. ఏది తగ్గిందో, ఎవరు పెరిగిండ్రో తేల్చలేమంటే సార్ ఒప్పుకున్నరు."

"పొద్దుగాల నేను చెప్పలేదా!" అని బాపు అవ్వ వైపు తిరిగాడు.

ఈమధ్య డాక్టరు నన్ను కొలిచి, వయసు మీద పడి ఎత్తు కొంచెం తగ్గిందన్నాడు. ఇంట్లో చెప్పలేదు. గుమ్మాలే పెరిగాయనుకుని తిరుగుతున్నాను.