బావగారి ‘చరిత్రలో ఈ రోజు’

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, లోకంలో ఎవరు ఏ తేదీన పోయారో తెలియకపోతే కాఫీ దిగదు. కోరాపుట్ వైపు టౌన్‌షిప్‌లో ఉద్యోగం చేసి, రిటైరై, రాయగడలో మా ఇంటికి వచ్చాక ఆయన పెట్టుకున్న వ్యాపకం అది. పొద్దున్నే ఫోనులో ‘చరిత్రలో ఈ రోజు’ వెతికి, కాలనీ తెలుగువాళ్ల గ్రూపులో పెడతారు. అక్కడితో ఆగితే దేవుడి దయే. నేను దీపం వెలిగించి దండం పెట్టుకునే వేళకి గుమ్మంలో నిలబడి చదివి వినిపిస్తారు.

“అమ్మీ, నేడేటి జరిగిందో తెలుసా? సముద్రంలో పెద్ద ఓడ మునిగిపోయింది!”

“అయ్యో! ఎప్పుడండీ?”

“నూరేళ్ల పైమాటే.”

ఆ ఓడ కోసం అయ్యో అనేలోగా ఇక్కడ పొయ్యి మీద పప్పు అడుగంటేది. అయినా మా ఊరి మజ్జిగౌరమ్మ తల్లికి దండం, వేరే చెడ్డ అలవాటు లేని మనిషి. ఆయన పుణ్యమా అని గుండీ ఏ దేశంలో పుట్టిందో నాకు తెలిసింది. ఆయన చొక్కాకి ఊడిన గుండీ మాత్రం నేనే కుట్టాను.

నేను బడి ముఖం చూసినదాన్ని కాను. వంటింట్లో బియ్యం పళ్లెంలో వేలు పట్టి నాకు అక్షరాలు దిద్దించింది మా అత్తగారు. ఇవాళ దేవుడి పుస్తకం చదవగలుగుతున్నానంటే ఆ వేలి చలవే. ఆవిడ కార్తీక బహుళ పంచమి నాడు పోయారు. ఏటా ఆ తిథికి ఆవిడ ముద్ద ఆవిడకి అందాలి, నాకు అంతకన్నా కోరిక లేదు. ఇన్నేళ్లూ పార్వతీపురం పంతులుగారు ముందుగా ఫోన్ చేసి రోజు చెప్పి, తనే రైలెక్కి వచ్చేవారు. ఈ ఏడు ఆయన మంచం పట్టారు.

“తిథి సూడ్డానికి మనిషెందుకు? నాను లేనేటి?” అన్నారు బావగారు.

బియ్యం కొట్టువాళ్లు ఇచ్చిన ఒడియా క్యాలెండరు గోడకి ఉంది. ఆయనకి ఒడియా బాగా వచ్చు. కార్తీకం, చీకటి పక్షం, పంచమి. వేలు పెట్టి చూపించి, “ఖరారు!” అన్నారు. గుడిలో ఒడియా పంతులుగారిని మాట్లాడేశారు. మున్సిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేసే మా ఆయన అన్నగారి మాట జవదాటరు, సెలవు పెట్టేశారు. నేను మినప్పప్పు నానబోశాను.

ఆ సాయంత్రం బావగారు గ్రూపులో పెట్టారు: ‘చరిత్రలో రేపు: మా అమ్మగారు స్వర్గస్థులైన రోజు.’ వెంటనే చప్పట్ల బొమ్మలు వచ్చి పడ్డాయి. ‘ఉపయోగకరమైన సమాచారం సార్’ అన్నారొకరు. ఇంకొకరు పూలగుత్తితో ‘హార్దిక శుభాకాంక్షలు’ చెప్పారు. బావగారు ఆ పూలగుత్తికి కూడా దండం బొమ్మ పెట్టారు.

గ్రూపులో చదివేవారు ఒక్కరున్నారని అప్పుడే తెలిసింది. బావగారే గ్రూపులో చేర్పించిన, బొయిపరిగుడలో ఉన్న మా ఆడపడుచు. ఫోన్ చేస్తే బావగారు స్పీకరు పెట్టారు.

“ఏటన్నియ్యా, అమ్మని నెల ముందే సంపేసేవేటి?”

“తిథి సూసేను. కార్తీకం, పంచమి. కేలెండర్లో ఉంది.”

“కార్తీక పున్నమికి అమ్మ నాగావళిలో దీపం వదిలింది కదా! వదిలినాకే కదా పోయింది! మరి ఈ ఏడు పున్నమెప్పుడొచ్చింది? నా మనవలు దీపావళి టపాసులే ఇంకా కొన్లేదు!”

బావగారు కళ్లజోడు కోసం తడుముకున్నారు.

అప్పుడు అందరం గోడ దగ్గరికి వెళ్లాం. ఒడియావాళ్లకి పున్నమి మర్నాడు కొత్త నెల పుడుతుంది, మనకి అమావాస్య మర్నాడు. కార్తీకంలో చీకటి పక్షం వాళ్లకి ముందు వస్తుంది, మనకి వెనక వస్తుంది. అత్తగారికి ఆకలి కాని రోజున విస్తరి వేసి, ఆవిడ వచ్చే రోజున పొయ్యి ఆర్పేసి కూర్చునేవాళ్లం. గండం తప్పించావని మజ్జిగౌరమ్మకి దండం పెట్టాను, ఆడపడుచు నోటికి కూడా. ఆ నోటికి నేను దండం పెట్టడం మా ఇంటి చరిత్రలో అదే మొదలు.

“తప్పు కేలెండరుది,” అన్నారు బావగారు.

“అవునన్నియ్యా. నువ్వు పెద్దోడివై పుట్టడం కూడా కేలెండరు తప్పే,” అంది ఫోను.

నానిన పప్పుని ఏం చేస్తాం? గారెలు వేశాను. బావగారే ఎక్కువ తిన్నారు, బాధలో.

దీపావళి వెళ్లింది. పున్నమికి నాగావళిలో అత్తగారి పేర నేను దీపం వదిలాను. అసలు పంచమి వచ్చింది. ఆడపడుచు తొలి బస్సుకి దిగింది. అన్నదమ్ములిద్దరూ తడి పంచెలతో పీటల మీద కూర్చున్నారు. బావగారి ఫోను గూట్లో ఉంది. పిండం పెడుతూ ఆయన “అమ్మా, తినమ్మా” అన్నారు. పొద్దున్నే ఓడలు ముంచే గొంతు కాదది. అత్తగారి ముద్ద అత్తగారికి అందింది. నాకు కడుపు నిండింది.

భోజనాలయ్యాక ఆయన ఫోను తీసి చూసుకున్నారు. ఆ రోజు గ్రూపుకి చరిత్ర వెళ్లలేదు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఆయన వేలితో తెరని కిందికీ పైకీ తోస్తూ ఇంకాసేపు చూశారు.

నేను ఆయన చేతిలో ఇంకో గారె పెట్టాను.