చిల్లుల అడ్డుతెర

పెళ్ళి కుదిరిన కొత్తలో మగవాడికి ఒక ధైర్యం వస్తుంది. అది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు, పెళ్ళయ్యాక ఎక్కడికి పోతుందో అసలే తెలియదు. ఆ రోజుల్లో ఎవరేమి అడిగినా “ఓ, దానికేం భాగ్యం” అనేవాణ్ణి. (ఇప్పుడు ఇంట్లో కుళాయి కారుతోందంటే ముందు ప్లంబరు నంబరు వెతుక్కుంటాను.) అప్పట్లో పెనుకొండలో మా అవ్వ దగ్గర ఉంటూ, రోజూ హిందూపురం పోయి ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి వచ్చేవాణ్ణి. జీతం గొప్పగా చెప్పుకునేంత లేదు గానీ, గొప్పగా చెప్పుకోవడానికి నాకో మిషన్ ఉండేది. దాని పేరు స్క్రోల్ సా. చూడ్డానికి కుట్టుమిషన్‌కు పెద్దన్నలా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట సన్నటి రంపపు బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. కాలితో పెడల్ నొక్కితే అది గబగబా పైకీ కిందికీ ఆడుతుంది. చెక్క మీద డిజైన్ కాగితం అతికించి, గీత తప్పకుండా చెక్కనే రెండు చేతులతో మెల్లగా తిప్పుకుంటూ పోవాలి. బెంగళూరులో ఎవరో కొని, విసుగొచ్చి అమ్మేస్తే నేను తెచ్చుకున్నాను. బస్సులోంచి దించి ఇంట్లో పెట్టగానే అవ్వ చుట్టూ తిరిగి చూసి, “ఏంరా, రవికెలు కుడతావా?” అంది. కాదవ్వా, చెక్క కోసేదంటే ఇంకా దిగులు పడింది. “రవికెలైతే నాలుగు దుడ్లన్నా వచ్చుండు” అంది.

ఫోన్లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. మొదట్లో బ్లేడ్లు టప్ టప్‌మని తెగేవి. తర్వాత తర్వాత చేయి కుదిరింది. ఇక మా వీధికి నా నుంచి రక్షణ లేకుండా పోయింది. ఆదివారం వస్తే చాలు, ఎవరికో ఒకరికి పేరుపలకో, ఫోన్ స్టాండో చేసిచ్చేవాణ్ణి. (మా పక్కింట్లో అద్దెకుండే టీచరుకు కూడా పేరుపలక చేసి గోడకు కొట్టిచ్చాను. ఆయన ఇల్లు మారేటప్పుడు దాన్ని మేకులతో సహా పీక్కుని పోయాడు. అభిమానమో, ఇంటి ఓనరు మీద కోపమో నాకు తెలియదు.) అందరూ “బాగుందప్పా” అనేవాళ్ళు. ఊరికే వచ్చినదాన్ని ఎవరు బాగాలేదంటారు? ఆ చిన్న సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.

అలాంటి సమయంలో ధర్మవరం సంబంధం వచ్చింది. పిల్ల నాయన చీరలకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ అంచులూ, కొంగులూ, బుటాలూ గీస్తే, వాటిని చూసి మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు కొట్టేవాళ్ళు. అందుకే ఊళ్ళో చిన్నా పెద్దా ఆయన్ను గళ్ళ మామ అనేవాళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, “ఏమప్పా, ఏం పని చేస్తాండావు?” అని అడిగాడు.

“హిందూపురంలో ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తాండాను మామా.”

“అది వాళ్ళ పని. నీ చేతిలో ఏం పనుండాది అంటాండా.”

ఎదురు చూసిన ప్రశ్న అది. లోపలికి తీసుకుపోయి మిషన్ చూపించాను. అప్పటికప్పుడు ఒక చిన్న చెక్క మీద చేప కోసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి, అంచు వెంబడి గోరు నడిపించి, “మొప్ప కాడ వణికినావు” అన్నాడు. నిజమే, వణికాను. సంబంధం మాత్రం ఖాయం చేసుకున్నాడు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, “మా పాప పెండ్లిచీర అంచు నేనే గీసినా. అదే డిజైన్ చెక్కలో కోసి అడ్డుతెర చేసుకోని రా. చీరా తెరా ఒక మాదిరి ఉండల్ల. అప్పుడు చూస్తా నీ చేతిపని” అన్నాడు. మా వైపు జీలకర్రా బెల్లం పెట్టేదాకా పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య అడ్డంగా పట్టుకునేది గుడ్డ తెర. చెక్క తెర ఎవరూ విన్లేదు. నేను మాత్రం దానికేం భాగ్యం అన్నాను. పెళ్ళి ఖాయమే గానీ, ఆ ఇంట్లో నా విలువ ఇంకా ఖాయం కాలేదని అప్పుడే అర్థమైంది. ఈ తెర బాగా కుదిరితే గళ్ళ మామకు చేతిపని ఉన్న అల్లుణ్ణవుతాను. కుదరకపోతే బతికినన్నాళ్ళూ స్టోర్సు చూసుకునే అల్లుణ్ణే.

డిజైన్ కాగితం వచ్చింది. చూస్తే కళ్ళు చెదిరాయి. వరసగా హంసలు, ఒకదాని వెనక ఒకటి, ఏ హంసా ఇంకో హంసను తాకకుండా మధ్యలో సన్నటి సందు. వాటి చుట్టూ తీగలు, మామిడిపిందెలు. ఆ సందే మామ గొప్ప. “తాకినాయంటే నేతలో ముద్దయిపోతాయప్పా. యా హంసకా హంస ఉండల్ల. గీత మార్చొద్దు” అని ఫోన్లో మరీ మరీ చెప్పాడు. నా మిషన్‌కు మెడ పొట్టి, పెద్ద పలక దాని కింద తిరగదు. అందుకని తెరను చిన్న చిన్న పలకలుగా కోసి, చుట్టూ ఫ్రేము బిగించాలని లెక్క వేసుకున్నాను. కాగితాన్ని జిరాక్స్ షాపులో పెద్దది చేయించి, ప్లైవుడ్ మీద అతికించి, లోపలి కోతలన్నిటికీ డ్రిల్లుతో చిల్లులు పెట్టాను. ఒక్కో చిల్లులోంచి బ్లేడు దూర్చి, బిగించి, కోసి, విప్పి, మళ్ళీ పక్క చిల్లులో దూర్చి... ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. మొదటి పలకలో చివరి గీత కోయడం ముగించి, సంబరంగా దాన్ని ఎత్తి పట్టుకున్నాను. హంసలన్నీ టపటపా నేల మీద పడ్డాయి. మామిడిపిందెలు వాటి వెంబడే పడ్డాయి. నా చేతిలో ఖాళీ చట్రం మిగిలింది.

అవ్వ చీపురు తెచ్చింది. “ఊడ్చేదా, వద్దా?” అని అడిగింది.

అప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. పట్టులో హంసను నాలుగు వైపులా దారాలు పట్టుకుని ఉంటాయి. చెక్కలో దాన్ని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. పక్కదాన్నో అంచునో ఏదో ఒకటి తాకి ఉంటేనే నిలబడుతుంది. తాకించాలంటే గీత మార్చాలి. గీత మారిస్తే మామ ఊరుకోడు. మామతో నిజం చెప్పేద్దామనుకుని, రాలిన హంసల్ని ఒక సంచిలో వేసుకుని, ఆదివారం ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయాను. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ సంచి నా చంకనే ఉంది. తీరా పోతే మామ అరుగు మీద నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూపిస్తూ, “ఇతనే. నా డిజైన్ చెక్కలో కోస్తాడంట. చూడల్ల” అన్నాడు. ఆ నలుగురూ నా చేతుల వైపు చూశారు. “జరుగుతాండాది మామా” అని లోపలికి పోయి కూర్చున్నాను.

కాబోయే మా ఆవిడ టీ తెచ్చింది. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గనక బిడియమేమీ లేదు. సంచి వైపు చూసి, “ఏముండాయి దాంట్లో?” అంది.

“హంసలు.”

“బతికుండాయా?”

“రాలిపోయినాయి.”

సంచిలో చేయి పెట్టి ఒకటి తీసి చూసింది. సంగతంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. లోపలికి పోయి పెన్సిలూ, డిజైన్ జిరాక్సూ తెచ్చి, ఆ కాగితం మీదే ఒక హంసను తిప్పి పక్క హంసకు ఎదురుగా గీసింది. రెండింటి ముక్కులూ కలిపింది. తోకల్ని తీగకు తగిలించింది. పిందె కాడను హంస వీపుకు ఆనించింది. నాయన పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచీ గళ్ళు నింపిన చేయి అది, ఎక్కడా తడబడలేదు. “ఇప్పుడు పడవు చూడండి” అంది. మీ నాయన చూస్తేనో అన్నాను. “తాళి కట్టినాక గదా చూసేది. అప్పుడేమంటాడు?” అంది ధీమాగా. (అడ్డుతెర తాళి కంటే ముందే వస్తుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఇద్దరికీ అదే మొదటి పెళ్ళి.)

కొత్త గీతలతో మళ్ళీ కోశాను. ఈసారి పలక ఎత్తి పట్టుకుంటే ఒక్క హంస కూడా కదల్లేదు. ఆనందం పట్టలేక రెండు సార్లు గట్టిగా దులిపి చూశాను. అయినా ఒకసారి భయపడ్డ ప్రాణం కదా, మంటపంలో ఎక్కడ ఊడి పడుతుందోనని ఫ్రేముకు పాత తలుపు తాలూకు టేకు దుంగ వాడాను. మూలమూలకూ ఇనుప పట్టీలు వేశాను. కాగితం గీకి, ఉప్పుకాగితం రుద్ది, పాలిష్ పెట్టేసరికి అది తెర పోయి తలుపైంది. ధర్మవరం తీసుకుపోవడానికి లగేజీ ఆటో మాట్లాడుకోవాల్సి వచ్చింది.

పెళ్ళినాడు మా చిన్నాయనా, వాళ్ళ వైపు ఒక పెద్దమనిషీ చెరో పక్కా తెర ఎత్తి నిలబెట్టారు. మంటపమంతా “అబ్బా” అంది. నా గుండె పొంగింది. ఆ “అబ్బా” సగం ఎత్తినవాళ్ళదని తర్వాత తెలిసింది. నేను ఇవతల, ఆమె అవతల. హంసల మధ్య సందుల్లోంచి ఆమె ముక్కుపుడక, బాసికం, ఒక కన్ను చక్కగా కనిపిస్తున్నాయి. ఆ కన్ను కూడా నన్ను చూస్తోంది. ఇంతలో ముందు వరసలోంచి మా అవ్వ గొంతు వినిపించింది. “ఏంరా ఇది? తెరనా, కిటికీనా? ఒకరికొకరు కనపడకుండా గదా తెర పట్టేది!”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. డిజైన్ గురించి అంత ఆలోచించిన నేను, మామ, ఆమె, ముగ్గురికి ముగ్గురం తెర ఎందుకో మరిచిపోయాం. పంతులుగారు మంత్రం ఆపి, “చాటు ఉండాల నాయనా, చాటు” అన్నారు. మామ మాత్రం నవ్వలేదు. పీట మీద నుంచి లేచి తెర దగ్గరికి వచ్చాడు. చిల్లుల సంగతి ఆయనకు పట్టలేదు. వేలితో ఒక హంసను తడిమి, ముక్కు దాకా వచ్చి ఆగాడు. పక్క హంసనూ తడిమాడు. ఇక అయిపోయింది, ఈ ఇంట్లో నేను స్టోర్సు అల్లుణ్ణే అనుకున్నాను.

“ఎవరు కలిపినారు వీట్ని?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే తెర అవతల నుంచి జవాబు వచ్చింది. “నేనే నాయనా. చెక్కకు దారం లేదు గదా. ఒకదాన్నొకటి పట్టుకోకుంటే రాలిపోతాయి.”

“పెళ్ళికూతురు మాట్లాడగూడదమ్మా” అన్నారు పంతులుగారు.

మామ మళ్ళీ ఆ ముక్కుల మీద వేలు పెట్టాడు. ఆ గీత ఎవరిదో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది, ఆ చేతికి పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. తర్వాత భుజం మీది కండువా తీసి తెర మీద పరిచాడు. వణుకుతున్న పెద్దమనిషిని పక్కకు జరిపి, ఆ కొస తానే పట్టుకుని, “కానీండి స్వామీ” అన్నాడు. కన్యాదాత తెర పట్టుకోవడమేమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. మామ వదల్లేదు. ముహూర్తం ఎంతకూ రాలేదు. మా చిన్నాయన కళ్ళు తేలేశాడు. మామ మెడ నరాలు ఉబ్బాయి గానీ తెర అంగుళం కిందికి దిగలేదు. జీలకర్రా బెల్లం అయ్యాక తెర దించితే, పైకెత్తిన మామ చేయి దిగనంది. మా అత్త నువ్వులనూనె రాసి దించాల్సి వచ్చింది. ఆ రోజు నాకు మాటగా ఏమీ చెప్పలేదాయన. తర్వాత కూడా చెప్పలేదు. నాకు బాధగానే ఉండేది.

తెరను మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. ధర్మవరంలో తెలిసినవాళ్ళ పెళ్ళి ఎక్కడ జరిగినా, వెనక ఒక పంచె కట్టి, దాన్ని పంపిస్తాడు. తోడుగా తనూ పోయి ముందు కుర్చీలో కూర్చుంటాడు. మొన్న అలాంటి పెళ్ళికే నేనూ మా ఆవిడా పోయాం. తెర పట్టుకున్న కుర్రాళ్ళలో ఒకడికి చేయి లాగేసి, దగ్గర్లో ఉన్నానని నన్ను పిలిచాడు. పట్టుకున్నాను. నా పెళ్ళిలో నేను పీట మీద ఉన్నాను గనక దాన్ని ఎత్తి పట్టుకుని నిలబడితే ఎంత బరువో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. అవతలి కుర్రాడు చెమట తుడుచుకుంటూ, “ఎవరబ్బా, ఇంత బరువు పెట్టి చేసినోడు?” అన్నాడు. ముందు కుర్చీలోంచి మామ అన్నాడు. “మా అల్లుడు. వాడే మోస్తాండాడు గదప్పా. మోయనీ.”

మంటపమంతా నవ్వింది. ఆ మాట చెవిన పడ్డాక నాకు చేయి నొప్పి తెలియలేదు. ఫ్రేముకు అంత దుంగ అక్కర్లేదు, సన్న చెక్క సరిపోయేది. అప్పట్లో నాకు ఎవరైనా ఆ సంగతి చెప్పినా వినేవాణ్ణి కాదు. మామ ముందు ఎక్కడ తక్కువైపోతానోనని భయం, పాపం.