గ్రహచారం అని రాసిన ఉత్తరం

మా వారు సినిమా సెట్లకు రంగులు వేసేవారు. అట్టగోడను రాతిగోడగా, పరదా గుడ్డను సాయంకాలపు ఆకాశంగా చూపించడం ఆయన పని. మద్రాసు నుంచి సినిమాలు ఇటు తరలి వస్తున్న రోజుల్లో మేమూ కృష్ణా జిల్లా నుంచి వచ్చి షేక్‌పేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పొద్దున్నే ఆయన ఫిలింనగర్ మీదుగా నడిచి, జూబ్లీహిల్స్ గుట్టల్లో ఎక్కడ సెట్టు వేస్తుంటే అక్కడికి వెళ్లేవారు. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి రెండు చేతులతోనూ పని చేస్తారని చెప్పుకొనేవారు. భయం ఆయనకు లేదు, నాకే. సాయంత్రం గేటు చప్పుడు వినగానే దేవుడి పటానికి ఒక దణ్ణం పెట్టుకునేదాన్ని.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన నేర్పినవాటిలో ఉత్తరం రాయడం ఒకటి. ఎవరు ఏ మేలు చేసినా మూడు రోజుల్లోగా ఉత్తరం రాయాలి. చదివినవాళ్ల మనసు తేలికపడాలి గాని బరువెక్కకూడదు అనేవారు. పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పురుడు పోసిన నర్సమ్మకు రాశాను, రైల్లో చోటిచ్చిన ముసలాయనకు అడ్రసు అడిగి మరీ రాశాను.

తొంభైల మధ్యలో ఒక సినిమాకు గుమ్మడికాయ కొట్టే రోజు వచ్చింది. షూటింగ్ ఆఖరి రోజున దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు, ఆ పూట భోజనం కాస్త ఘనంగా పెడతారు. భోజనాల కాంట్రాక్టరు తెల్లవారకముందే వండించి వ్యానులో గుట్ట మీదికి పంపించాడు. కోడికూర గిన్నెలు ఎండలో, వ్యానులోనే ఉండిపోయాయి. ఆఖరి షాట్ తెగలేదు. మూడున్నరకు గాని విస్తళ్లు వేయలేదు. ముక్క లోపల ఎర్రగా ఉందేంటని పక్కవాడు అడిగితే, "ఇవాళ అందరూ మేకప్ తీసేశారు, అదొక్కటే మిగిలింది" అని మా వారే నవ్వించారట. నవ్వుకుంటూ తిన్నారు.

రెండు రోజులకల్లా ఆయనకు జ్వరం, వాంతులు, నెత్తురు విరేచనాలు. ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లలో సగం మంది పరిస్థితి అదే. మేం దగ్గర్లోని నర్సింగ్ హోంలో చేరాం. సెలైన్లు ఎక్కించారు, మందులు వేశారు. మూడో రోజుకు ఆయన కళ్లు తెరిచి మాట్లాడారు. ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరు మేనేజరు బుట్టనిండా పండ్లు పట్టుకుని వచ్చాడు.

"మా అయ్యగారు అన్నం ముట్టడం లేదమ్మా. బాబాయిగారు లేచి కూర్చున్నారని చెప్తే గాని ఆయనకు నిద్ర పట్టదు" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు.

నేను నమ్మాను. ఇంటికి వెళ్లి దీపం పెట్టి, కాంట్రాక్టరుకు ఉత్తరం రాసి మర్నాడు పోస్టు చేశాను. మీ దయకు రుణపడి ఉన్నాము, మీరు మనసు కష్టపెట్టుకోవద్దు, ఇందులో మీ తప్పేమీ లేదు, మా గ్రహచారం అని రాశాను. ఎవరూ రాయమనలేదు. నా సంస్కారం నాతో రాయించింది.

ఇంటికి వచ్చిన రెండు వారాలకు ఆయన పొద్దున మంచం దిగబోయి కూలబడ్డారు. కాళ్లు మాట వినలేదు. తర్వాత చేతులు కూడా. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుగారు వివరించారు. కడుపులోకి పోయిన క్రిమి మీదికి ఒంట్లోని రక్షణ బలం లేస్తుందట. అప్పుడప్పుడూ అది పొరబడి సొంత నరాలనే కొడుతుందట. అలాంటి క్రిమి ఉడకని కోడిమాంసంలో ఉంటుందట. కాగితం మీద మాత్రం "కావచ్చు" అని రాశారు.

ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచారు. నిచ్చెన సంగతి ఇక లేదు. కూర్చుని రంగులు కలిపే పని ఇప్పించమని ఫిలింనగర్ వెళ్లారు. సాయంత్రం వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏమైందండీ అంటే అటు తిరిగే చెప్పారు. "తాగి తాగి కాళ్లు పడిపోయాయని చెప్పుకుంటున్నారు. ఆ భోజనాలవాళ్లే చెప్పారట."

ఆయన జీవితంలో మందు ముట్టలేదు. పెయింటు వాసనకు తల తిరుగుతుంటే, అది పోవాలని అందరూ తాగుతుంటే, ఈయన మజ్జిగ అడిగే మనిషి.

"వాడి డబ్బు నాకొద్దు. ఆ కూర తినే పడ్డానని ఒక సర్కారు కాగితం మీద ఉండాలి. అంతే" అన్నారు.

మా ఇంటి ఓనరమ్మ షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడే నన్ను వెంగళరావు నగర్‌లో ఒక వకీలుగారి దగ్గరికి తీసుకెళ్లింది. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు. నేను పోలీసు స్టేషన్‌కు వెళ్లాలా అని అడిగాను.

"వెళ్లొచ్చమ్మా. చెడిన తిండి అమ్మడం నేరమే. కాని నేరానికి గట్టి రుజువు కావాలి. మునిసిపాలిటీలో ఆహార ఇన్‌స్పెక్టరు ఉంటాడు, ఆ రోజే చెప్పి ఉంటే కూర నమూనా పట్టేవాడు. ఇప్పుడు గిన్నెలు ఎన్నిసార్లు తోమి ఉంటారో."

"సినిమా కంపెనీని అడగొచ్చా? పని మీద ఉండగానే కదా తిన్నది."

"అడగొచ్చు. పనివాడికి నష్టపరిహారం ఇప్పించే చట్టం ఉంది. అసలు ఈయన మా పనివాడే కాదంటారు. రోజు కూలీకి ఉద్యోగం కాగితమేదీ? సివిల్ కోర్టు ఉంది గాని ఫీజు కట్టాలి, తెమిలేసరికి ఏళ్లు పడుతుంది. వినియోగదారుల ఫోరం మేలు. ఫీజు లేదు, ఫిర్యాదు మీరే తెలుగులో రాసుకోవచ్చు. రెండేళ్లలోపు వేయాలి, టైముంది."

"భోజనానికి మేం డబ్బు కట్టలేదండీ."

"కంపెనీ కట్టింది, మీ ఆయన తిన్నారు. కట్టినవాడి సమ్మతితో వాడుకున్నవాడూ వినియోగదారుడే. అది నేను చూసుకుంటాను. నర్సింగ్ హోంలో విరేచనం పరీక్ష చేయించారా? క్రిమి పేరు ఎక్కడైనా ఉందా?"

లేదు. మందులు ముందే మొదలుపెట్టారు కాబట్టి ఆ పరీక్ష చేయలేదు. "అయితే మనుషులు కావాలి. అదే కూర తిని, అదే రోజు పడకేసినవాళ్లు ఇద్దరు వచ్చి చెప్తే చాలు" అన్నారు.

బోరబండలో ముగ్గురి ఇళ్లకు వెళ్లాను. ముగ్గురూ మంచివాళ్లే, టీ ఇచ్చారు. ఒకరికి పై వారం కొత్త సినిమా ఉంది. ఇంకొకరి భార్య లోపలి నుంచే లేరని చెప్పింది. ఆయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. మూడో ఆయన నేల చూస్తూ, "నేను ఆ రోజు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్నాననుకో వదినా" అన్నాడు. మా వారి పక్కన కూర్చుని, ఎర్రగా ఉందేంటని అడిగింది ఆయనే.

మా వారి పేరున ఫిర్యాదు నేనే రాశాను. కొన్నాళ్లకు కాంట్రాక్టరు జవాబు వచ్చింది. దాని వెనక నా ఉత్తరం జిరాక్సు కాపీ కుట్టి ఉంది. వకీలుగారు కళ్లజోడు తీసి, "ఇది మీ రాతేనా అమ్మా?" అన్నారు. గుండ్రటి అక్షరాలు. పైన శ్రీరామ. అవునన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మేనేజరు పక్కన నిలబడి రాయించాడని చెప్పండి. ఆసుపత్రిలో ఉన్న మనిషి భార్య, భయపడి రాసింది అంటే నమ్ముతారు. కాదని వాళ్లు రుజువు చేయలేరు" అన్నారు.

ఓనరమ్మకు చెప్తే చెంబు కింద పెట్టేసింది. "ఏంది, గట్ల రాసిచ్చినవా? పండ్లు తెచ్చిండని కాయితం రాసిస్తరా ఎవలన్న? గా మేనేజరు వచ్చింది నీ మొగని మీద ప్రేమ, పావురంతోని కాదు, వాని మీదికి కేసొస్తదన్న ఫికర్‌తోని. ఇగ గా వకీలు జెప్పినట్లు జెప్పు. దేవునికి నేను జవాబు జెప్త."

మా వారికి ఉత్తరం సంగతి అప్పుడే తెలిసింది. కోప్పడతారనుకున్నాను. "ఏం చెప్తావు?" అని మాత్రం అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

వాయిదా రోజున ఫోరంలో ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన ఉత్తరం నా చేతికి ఇచ్చి, "మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా?" అని మెత్తగా అడిగారు. అవును అనే ఒక్క మాట చాలు. బెంచీ మీద మా వారు కర్ర గడ్డం కింద పెట్టుకుని నన్నే చూస్తున్నారు. నోట్లోంచి మాత్రం "లేదండీ, నేనే రాశాను" అని వచ్చింది. అవతలి వకీలు ఉత్తరం బయటికి చదివారు. గ్రహచారం అన్నచోట కొంచెం ఆగి చదివారు. వసారాలో మేనేజరు నాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. "నీలాంటి తల్లి ఉండదమ్మా" అన్నాడు. మనిషిని చెప్పుతో కొట్టాలని జీవితంలో ఒకేసారి అనిపించింది, ఆ క్షణంలోనే. దేవుడు క్షమించాలి. క్షమించకపోయినా సరే.

తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. వకీలుగారు వాక్యం వాక్యం తెలుగులో చెప్తుంటే రాసుకున్నాను. జబ్బుకు ఆ భోజనమే కారణమని రుజువు కాలేదు, ఫిర్యాదుదారు భార్యే తప్పు లేదని ఒప్పుకుంది, కొట్టివేయడమైనది. పై కమిషన్‌కు ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట.

చేద్దామండీ అన్నాను. ఆయన వద్దన్నారు.

"అక్కడా నీ చేతికి అదే ఇచ్చి అడుగుతారు. నువ్వు అదే చెప్తావు."

"ఈసారి వకీలుగారు చెప్పినట్టు చెప్తాను."

"చెప్పలేవు. చెప్పినా నేను వినలేను" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అది ఆయన మంచితనానికో, నా చేతకానితనానికో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ముప్పై రోజులూ గడిచాయి. మర్నాడు పొద్దున కాఫీ తాగి, ఆ తీర్పు తెలుగులో రాసుకున్నావుగా, ఒకసారి చదువు అన్నారు. ఎందుకండీ అన్నా వినలేదు. చదివాను. ముందు మా పేర్లు, ఊరు. తర్వాత, ఫిర్యాదుదారు చెప్పేదేమిటంటే, ప్రతివాది సరఫరా చేసిన కోడికూర తిన్నందువల్లే తాను జబ్బుపడి కాళ్లు పోగొట్టుకున్నాడని.

"ఇది సర్కారు కాగితంలో ఉందా? ముద్ర పడిన దాంట్లో?"

"ఉందండీ. మీరు చెప్పిన మాటగా ఉంది."

"అక్కడితో ఆపు" అన్నారు.

ఆపాను.