మా మామగారి నూలుతో నేనల్లిన మసిగుడ్డ

మొన్న ఎల్.బి. నగర్‌లో మా ఆడపడుచును చూసి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగి వస్తుంటే, పక్క సీటులో ఒక అమ్మాయి, కోచింగ్‌కు పోయే పిల్లే అయి ఉంటుంది, ఒళ్ళో పుస్తకాల సంచీ పెట్టుకుని రెండు సూదులతో తెల్లటి నూలు గుడ్డ అల్లుతూ కనిపించింది. సంచీకి ఆనించిన ఫోనులో ఎవరో ఆవిడ చేతులు ఎట్లా కదిలితే తన చేతులూ అట్లా కదుపుతోంది. ఆ గుడ్డ అడుగున వెడల్పుగా మొదలై పైకి పోనుపోను సన్నబడి సమోసాలా తయారైంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల ఏమీ నొచ్చుకోకుండా, "ఏంది ఆంటీ, తప్పు పోయిందా? మీకు ఒస్తదా ఇది?" అంటూ సూదులు నా చేతిలో పెట్టింది. జారిపోయిన కుట్టు ఒకటి ఎత్తి సూదికి ఎక్కించి ఇచ్చేసరికే చైతన్యపురి వచ్చింది, పిల్ల దిగిపోయింది. నేను మాత్రం ఇల్లు చేరేదాకా నా తొలి గుడ్డనే తలచుకుంటూ వచ్చాను. అది కూడా అచ్చం సమోసానే.

నా ఈడువాళ్ళకు అప్పటి దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలు గుర్తుండే ఉంటాయి. ఒకే వాకిలి, ఒకే బోరింగు, దాని చుట్టూ కిరాయి పోర్షన్లలో మా బోటి సంసారాలు. మా ఆయనకు బట్టల దుకాణంలో పని దొరికి, పెళ్ళయిన కొత్తలోనే పోచంపల్లి వైపు నుంచి అక్కడికి వచ్చి పడ్డాం. నా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ నేతవాళ్ళవే. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం పొద్దస్తమానం నూలుతోనే బతికినా, కండెలు చుట్టడం, గంజి పెట్టడం, పోగులు అతకడం వరకే మా పని, మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళే. చీర దిగినాక ఫలానా ఆయన నేసిన చీర అనేవారు తప్ప, కండె చుట్టిన ఆడమనిషి పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. అది తప్పని మాకూ తోచేది కాదు, రివాజు అంతే.

మా అత్తగారు పోయినాక మామగారు మా దగ్గరికి వచ్చేశారు. గుంట మగ్గం తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయి, ఇక కాలాడించలేక మగ్గం ఊళ్ళోనే అమ్మేసి వచ్చారు. వెంట తెచ్చుకున్నది ఒక రాట్నం, ఒక గోనెసంచీ నిండా మిగులు నూలు. రంగుల అద్దకం కోసం ముడులేసిన నూలు కదా, ఒక పోగు సగం ఎరుపు సగం తెలుపు, ఇంకొకటి నలుపులో నుంచి పసుపులోకి పోయేది. దేనికీ పనికిరాని ఆ నూలు చిలపలను ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పొద్దున్నే వాకిట్లో గోడకానుకుని కూర్చుని, పిలిస్తే తిని, పిలవకపోతే అట్లాగే ఉండిపోయేవారు. మనిషి ఇంట్లో ఉన్నా మగ్గం దగ్గరే ఉండిపోయినట్టు నాకు అనిపించేది.

పక్క పోర్షన్‌లో గుంటూరు వైపు పిన్నిగారు ఉండేవారు. ఆమె మధ్యాహ్నం పూట ఉన్నితో స్వెట్టర్లు అల్లుతుంటే నేను కళ్ళార్పకుండా చూసేదాన్ని. మగ్గం లేదు, గుంట లేదు, రెండు పుల్లల మధ్య బట్ట పుడుతోంది! నా ఆశ చూసి ఆమే ఒక పాత సూదుల జత నా చేతిలో పెట్టి, ముందు చిన్న చదరంతో మొదలుపెట్టు, వంటింట్లో మసిగుడ్డకైనా పనికొస్తుంది అన్నారు. ఉన్ని కొనే తాహతు లేదు, నా కళ్ళేమో గోనెసంచీ మీద ఉన్నాయి. అడగటానికి ఎంతో వెనకాడి, చివరికి ఒకనాడు మామగారికి చాయ్ ఇస్తూ అడిగేశాను. ఆయన సంచీలో చెయ్యి పెట్టి, అన్నిట్లోకీ చిక్కులుపడ్డ చిలప ఒకటి తీసి నా ముందు పడేశారు.

సన్నని పోగు ఒంటిగా అల్లికకు ఆగదని కొన్ని పోగులు జతచేసి మొదలుపెట్టాను. నూలుకు ఉన్నిలా సాగే గుణం లేదు. నేను బిగదీసిన కొద్దీ సూది కదలక వేళ్ళు కమిలిపోయేవి. "అంత బిగించకు అమ్మాయ్, అదేమన్నా దూడ పలుపా!" అని పిన్నిగారు నవ్వేవారు. కుట్లు ఎక్కడ జారాయో నాకు తెలియనే లేదు, గుడ్డ పూర్తయ్యేసరికి మాత్రం ఒక కొస మొనదేలి ఉంది. అయినా నా చేత్తో పుట్టిన మొదటి బట్ట అని మురిసిపోతూ తీసుకుపోయి మామగారికి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశారు, అంచు వెంబడి బొటనవేలు నడిపించారు.

"అంచు నిల్వలేదు బిడ్డా. అంచు నిలిస్తెనే అది బట్ట," అన్నారు.

అని, చివరి ముడి విప్పి నా కళ్ళముందే మొత్తం ఊడదీయడం మొదలుపెట్టారు. తొందర లేకుండా, ఒక్క పోగు తెగనీయకుండా విప్పి, ఉండగా చుట్టి, మళ్ళీ నా చేతిలో పెట్టారు. కోపంతోనే కూర్చున్నాను. మళ్ళీ అల్లాను, మళ్ళీ విప్పారు. ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు. ఒకసారి నేను కండ్లనీళ్ళు పెట్టుకుంటే, "నేను నేర్చుకునేటప్పుడు మా నాయన గిట్లనే కోసిపారేసిండు. నేనైతే నూలు పాడుచేస్తలేను గద," అన్నారు, అదే ఆయన ఓదార్పు. వరస మొదట్లో తొలి కుట్టును అల్లకుండా ఊరికే రెండో సూదికి జరిపితే అంచు కుదురుతుందని పిన్నిగారు చెప్పాక, ఒకనాటికి గుడ్డ చదరంగా, అంచులు గీత గీసినట్టు దిగింది. మామగారు ఎప్పటిలాగే బొటనవేలు నడిపించారు. ఈసారి ముడి జోలికి పోలేదు. దాని మీద అక్కడక్కడా చెదిరిన ఎరుపు మచ్చలు చూసి, అవి ఏ చీరకు కట్టిన నూలో, అది ఎవరి బిడ్డ పెండ్లికి పోయిందో చెప్పుకుంటూ పోయారు. ఆయన అంతసేపు మాట్లాడగా వినడం నాకదే మొదలు.

ఆ తరవాత కొన్నాళ్ళకు, ఊళ్ళో ఆయనతో కలిసి నేసిన స్నేహితుడొకాయన పట్నం దవాఖానకు వచ్చి మా ఇంటికి వచ్చాడు. నేను వంటింట్లో చాయ్ కాస్తున్నాను. మామగారు లోపలికి వచ్చి, నా చేతిలోని మసిగుడ్డ తీసుకుని వాకిట్లోకి పోయి ఆయన ముందు పరిచారు.

"చూడరా, మా కోడలు నేసింది."

"నేసిందా? మగ్గం యాడున్నదిరా మీ ఇంట్ల?"

"మగ్గమెందుకు? రెండు పుల్లలిస్తె సాలు మా కోడలికి."

అల్లింది అనలేదు, నేసింది అన్నారు. అది మసిగుడ్డే కావచ్చు, కానీ మా వంశంలో ఆ మాట ఒక ఆడమనిషి పని మీద పడింది అదే మొదలు. గిన్నెలో చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా నేను కదలలేకపోయాను. వెళ్ళేటప్పుడు ఆ స్నేహితుడు తన ఇంటికీ ఒకటి అడిగి పట్టుకుపోయాడు.

అప్పటి నుంచి మామగారు పొద్దున్నే రాట్నం ముందు కూర్చుని పోగులు కలిపి పురిపెట్టి ఉండలు చుట్టేవారు, నేను అల్లేదాన్ని. బోరింగు చుట్టూ ఉన్న ప్రతి వంటింట్లోనూ మా గుడ్డలే ఉండేవి. ఆయన ఉండగానే గోనెసంచీ ఖాళీ అయింది. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదని దులిపి చూపించి, "ఒక్క పోగు ఊకె పోలేదు బిడ్డా," అని తృప్తిగా నవ్వారు.

ఇప్పుడు ఆ పోర్షన్లు లేవు, పిన్నిగారి పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. మా వాకిలి ఉన్నచోట అపార్టుమెంటు లేచింది, అందులో పై అంతస్తులో మేమే ఉంటున్నాం. మా కోడలు మంచిది, వంటగట్టు కాగితం చుట్టతో తుడిచి చెత్తబుట్టలో వేస్తుంది, శుభ్రంగానే ఉంటుంది. నా చేతులు ఈనాటికీ అంచు తప్పవు, ఆ గర్వం నాకుంది. కానీ ఒకప్పుడు గల్లీలో ఎవరి వంటింట్లో ఏ రంగు మసిగుడ్డ వేలాడుతోందో చూడకుండా చెప్పగలిగిన దాన్ని, ఇవాళ ఎదురు ఫ్లాటువాళ్ళ వంటిల్లు ఏ వైపున ఉంటుందో కూడా నాకు తెలియదు.