ముక్కు బావకి అంతుపట్టని ఘాటు

మా బావ ముక్కు గురించి నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మా వీధిలో అంటారు. సగమే అంటున్నారంటే మిగతా సగం ఒప్పుకున్నట్టేగా! నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, ఇక నాకు నేర్పడానికి బడి దగ్గర ఏమీ మిగల్లేదని తెలిసి బయటికొచ్చినవాణ్ణి. కళ్ళతో చూసింది తప్పు చెప్పను. కాస్త పెంచి చెబుతాను, అంతే.

మా అక్క మొగుడు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు నడుపుతాడు. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో నిచ్చెనలా నిటారుగా ఇనప మెట్లు. చొక్కా కాలరు ఒక్కసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే చాలు, అది ఎవరిదో చెప్పేస్తాడు. చీటీ చూడాల్సిన పని లేదు. ఒకసారి ఒక గుమాస్తా చొక్కా తీసుకుని, "సిగరెట్లు మానేశానని ఇంట్లో చెప్పారు కదూ? దీన్ని రెండుసార్లు ఉతికి ఇస్తాలెండి" అన్నాడు. షాపులో గోడగడియారం ఆగిపోయిన రోజున, వీధి చివర రొట్టెల బట్టీ వాసన పీల్చి టైము చెప్పాడు. ఆ టైము ప్రకారం నలుగురు వాచీలు సరిచేసుకున్నారు. ఆ నలుగురిలో ఒకణ్ణి నేనే. మిగతా ముగ్గురు ఇప్పుడు ఊళ్ళో లేరు, కాబట్టి అడిగి లాభం లేదు.

అలాంటి మనిషిని ఒక తాబేలు ముప్పుతిప్పలు పెట్టింది.

అది నేల మీద తిరిగే రకం తాబేలు, మా అక్కది. తొమ్మిదేళ్ళ వయసు నుంచి పెంచుకుంటోంది, పెళ్ళయ్యాక బట్టల పెట్టెతోపాటు అదీ అత్తారింటికి వచ్చింది. ఎవరేం చెప్పినా మెడ చాచి వింటుంది, తీర్పు మాత్రం ఎప్పటికీ ఇవ్వదు. అందుకని దానికి జడ్జిగారని పేరు. అక్క ఆ ఇనప మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మెట్లు ఎక్కే వీల్లేదని, పక్క ఊళ్ళో మా చిన్నక్క ఇంట్లో మూడు నెలలు మంచం మీద ఉండాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ కారు అద్దంలోంచి బావతో ఒక్కటే మాట అంది. "వంటా వార్పూ ఎలాగోలా ఏడవండి. నా జడ్జిగారు జాగ్రత్త."

"రాయిలాంటి జీవి. రాయిని కాపాడ్డం కూడా రాదా నాకు?" అన్నాడు బావ.

కాపాడ్డం మొదలుపెట్టాడు. పైన ఒంటరిగా ఉంటుందని షాపులోకి తెచ్చి, ఇస్త్రీ బల్ల కింద చెక్కపెట్టెలో పెట్టాడు. వెచ్చగా ఉంటుందిగా పాపం. రెండో రోజే జడ్జిగారు నీళ్ళ పళ్ళెం తన్నేసి, ఇస్త్రీ అయిన తెల్ల దుప్పట్ల మడతని తడిపేశాడు. షాపులో నేల మీద నీటి చుక్క కనబడితే బావకి ఒళ్ళు మండుతుంది. పళ్ళెం తీసేశాడు. ఆకులు కడిగి, ఒక్కొక్కటీ తువ్వాలుతో అద్ది, పొడిగా పెట్టేవాడు. ఇస్త్రీ చెయ్యడం ఒక్కటే తక్కువ.

రెండో నెల చివర్లో ఒక పొద్దున షాపు తలుపు తీస్తూనే బావ ఆగిపోయాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, మరకల సీసా మూత ఎవడు తీశాడు?"

మరకలు పోగొట్టడానికి అమ్మోనియా సీసా ఒకటి ఉంటుంది షాపులో. ముక్కు పుటాలు చీల్చే ఘాటు.

"నేను తియ్యలేదు బావా."

"నువ్వు కాకపోతే నీ తాతా?"

"మా తాత నీ సీసా జోలికి రావాలంటే ఫొటోలోంచి దిగాలి."

సీసా మూత బిగించే ఉంది. అల్మరాలు జరిపాం, గంజి డబ్బాలు దించాం, డ్రైనేజీ మూత ఎత్తాం. చివరికి ఇస్త్రీ బల్ల కిందికి వంగి, బావ అక్కడే కూర్చుండిపోయాడు. పెట్టెలో కాగితం మీద చిన్న తడి మచ్చ, పసుపు ముదిరిన రంగు. దాని మధ్యలో తెల్లటి ముద్ద. ఘాటంతా అందులోంచే.

"జడ్జిగారు ఉచ్చ పోశాడు, అంతేగా" అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా పోస్తున్నాడ్రా. ఎప్పుడైనా వాసన తెలిసిందా నాకు? నాకు?"

నిజమే. బావ వాసన లేదంటే లేనట్టే.

వాసన వస్తే బట్టలవాడు ఏం చేస్తాడు? ఉతుకుతాడు, ఆరబెడతాడు. బావ పెట్టె కడిగి, ఎండలో పెట్టి, పొడి కాగితాలు మార్చి, ఇస్త్రీ వేడి ఇంకా బాగా తగిలేలా దాన్ని దగ్గరికి జరిపాడు. ఘాటు పెరిగింది. మళ్ళీ ఆరబెట్టాడు. ఇంకా పెరిగింది. వారం తిరిగేసరికి జడ్జిగారు ఆకుల వంక చూడ్డం మానేశాడు. కళ్ళు లోపలికి పోయాయి.

రోజూ సాయంత్రం అక్క ఫోను. ముందు తన కాలు సంగతి చెప్పదు.

"జడ్జిగారు ఎలా ఉన్నాడండీ?"

"దివ్యంగా."

ఫోను పెట్టేశాక, ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ విప్పి ఇస్త్రీ చేసేవాడు. మూడు వారాల్లో అక్క వచ్చేస్తుంది. "ఒరేయ్, మీ అక్క కాలు విరిగినప్పుడు కూడా ఏడవలేదు. వచ్చేసరికి ఇది లేకపోతే మాత్రం, ఆ మెట్లు ఎందుకెక్కాలి అంటుందిరా" అన్నాడు. మా బావ నోట అంత పొడుగు మాట నేను విన్నది అదే మొదలు.

మర్నాడే పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. బావ జడ్జిగారిని ఇస్త్రీ తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది, వెనక కాళ్ళకి ముందున్న సందుల్లో వేళ్ళు పెట్టి నొక్కి చూసింది, ఎక్స్‌రే తీయించింది. మేం పొట్లం కట్టి తెచ్చిన తెల్ల ముద్దని రెండు వేళ్ళతో నలిపింది.

"తెల్లగా రావడం వీటికి మామూలే. మెత్తగా ఉండాలి. ఇది చూడండి, ఇసకలా గరగరమంటోంది. రాయి కట్టలేదు, మీ అదృష్టం. నీళ్ళు ఎలా ఇస్తున్నారు?"

బావ నా వంక చూశాడు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

"ఆకులు కడిగే పెడుతున్నానమ్మా."

"తడితో పెడుతున్నారా?"

"తుడిచి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అయ్యా, ఇది దాహం. ఒంట్లో నీళ్ళు లేక ఉచ్చ చిక్కబడింది, అందుకే ఆ ఘాటు. ఆకులు కాక ఇంకేమైనా పెట్టారా?"

ఇక్కడ ఒక సంగతి ఉంది. పక్కింటి పిల్లి బిస్కెట్లు జడ్జిగారికి మహా ఇష్టం. అది కనిపెట్టింది నేనే, చెప్పక తప్పలేదు. మాంసం బిస్కెట్లు తాబేలుకి పనికిరావనీ, వాటితో కూడా ఇలాంటి తంటాలే వస్తాయనీ ఆవిడ చెప్పినప్పుడు, నాకు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టే పని మిగిలింది.

"రోజూ ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టండి. గడ్డం మునక్కూడదు. నీళ్ళ పళ్ళెం ఎప్పుడూ ఉండాలి. వారంలో తిండి మొదలెట్టకపోయినా, రక్తం కనిపించినా వెంటనే తీసుకురండి, అప్పుడది వేరే జబ్బు. ఇన్నాళ్ళూ ఎవరు చూశారు దీన్ని?"

"మా ఆవిడ."

"ఆవిడ నీళ్ళలో పెట్టేవారేమో అడగండి."

ఆ సాయంత్రం అక్క అడక్కముందే బావ అంతా చెప్పేశాడు. దివ్యంగా లేడని, వారం రోజులుగా అబద్ధం చెబుతున్నానని కూడా.

"ఆదివారం ఆదివారం తొట్లో కూర్చోబెట్టేదాన్నిగా. మీరు చూళ్ళేదా?"

"చూశాను. కబుర్లు చెప్పుకుంటున్నావనుకున్నా."

"కబుర్లూ చెప్పేదాన్ని. మీరు ఆదివారం కూడా కిందే ఉండేవారు కదా."

బావ ఫోను పెట్టేసి, అక్క తొట్టి కోసం వెతికాడు. అది గంజి కలిపే తొట్టి అయిపోయింది. కలిపింది తనే. దాన్ని నాలుగుసార్లు తోమి, పైకి మోసుకెళ్ళాడు. జడ్జిగారి పెట్టె కూడా పైకే వెళ్ళింది, వేడికి దూరంగా వంటింట్లోకి.

మొదటి రోజు జడ్జిగారు తొట్లోంచి పైకి ఎగబాకుతూనే ఉన్నాడు. "కబుర్లు చెప్పు బావా, అలవాటైన ప్రాణం" అన్నాను. బావ గొంతు సవరించుకుని, "ఇవాళ ఇరవై రెండు చొక్కాలు వచ్చాయి" అన్నాడు. జడ్జిగారు ఆగి, మెడ చాచి, నీళ్ళలో మూతి పెట్టి తాగడం మొదలుపెట్టాడు. తొట్టి సగం ఖాళీ అయిందని నేను వీధిలో చెప్పాను. అంత కాదులెండి. కానీ చాలాసేపే తాగాడు.

అప్పట్నించి రోజూ ఇరవై నిమిషాలు షాపు తలుపు దగ్గరగా వేసి ఉండేది. ఏ కోటుకి గుండీ ఊడిందో, బామ్మర్ది ఎన్ని మరకలు మిగిల్చాడో, అన్నీ జడ్జిగారికి విన్నవింపులు. ఐదో రోజు ఆకు కొరికాడు. పదో రోజు సాయంత్రం అక్క ఫోనులో ఉండగానే, తొట్లో నీళ్ళు కాస్త మసకబారాయి. తెల్లటి ముద్ద జారి, వేలితో తాకితే మెత్తగా విడిపోయింది.

బావ మోకాళ్ళ మీద కూర్చుని, ఊరంతటి వాసనలూ కనిపెట్టిన ఆ ముక్కుని నీళ్ళ దాకా దించాడు. ఒకసారి పీల్చాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి పీల్చాడు.

"ఏమండీ, వాసన ఉందా?" అంది అక్క.

"లేదు. ఏమీ లేదు."

"మరి ముక్కెందుకు ఎగబీలుస్తున్నారు?"

బావ ఫోను నా చేతిలో పెట్టి, జడ్జిగారిని తుడవడానికి తువ్వాలు తీసుకున్నాడు. ముందు తన మొహం తుడుచుకున్నాడు.