పక్కింటి ముక్కు

వరహాలమ్మకి వాసన తెలియదు. పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో విషజ్వరం వచ్చి, ప్రాణాన్ని వదిలిపెట్టి ముక్కుని పట్టుకుపోయింది. కళ్ళు పోతే జనం అయ్యో అంటారు, చెవుడొస్తే కనీసం గట్టిగా అరిచి మాట్లాడతారు. ముక్కు పోయిందంటే మాత్రం నవ్వుతారు. ఉన్నచోటే ఉంది కదా, ఎక్కడికి పోయిందీ అంటారు. ఒకటి రెండుసార్లు ఆ నవ్వు చూశాక ఆవిడ చెప్పడం మానేసింది. ఆ వీధిలో ఆ సంగతి తెలిసినవాడు మొగుడు పోలిరాజు ఒక్కడే.

పోలిరాజు పోర్టులో క్రేన్ నడిపేవాడు. కంచరపాలెంలో రైలు పట్టాలకి ఇవతల ఉన్న వరస ఇళ్ళలో ఒక వాటా వాళ్ళది. పిల్లలు లేరు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడుస్తూనే గట్టిగా ఊపిరి పీల్చి ఇంట్లో సంగతులన్నీ చెప్పేసేవాడు. "పప్పు అడుగంటతన్నాది సూడు." "పాలు ఇరిగిపోనాయే, పారబొయ్యి." ఇద్దరికీ కలిపి ఒకటే ముక్కు. దాంతోనే ఏ లోటూ లేకుండా బతికారు.

డెబ్భైల చివర్లో, పేరు రాయించుకున్న ఎన్నో ఏళ్ళకి, ఆ ఇంటికి గ్యాస్ వచ్చింది. వీధి మొత్తానికి అదే మొదటిది. ఊదుగొట్టం లేకుండా మంట ఎలా వస్తుందో చూద్దామని ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చారు గానీ, పేలుతుందేమోనని గడప దాటలేదు. పోలిరాజు ముందే కడప బండతో గట్టు కట్టించి ఉంచాడు. సిలిండరు నేలమీద నిటారుగా ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి, పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. ఇవన్నీ పెళ్ళాం చేత అప్పజెప్పించుకుని, ఆఖర్న ఇంకోటి కూడా చేర్చాడు.

"నాను ఇంట్లో ఉంటేనే ఎలిగించు. ఇది లీకయ్యిందంటే కంపు కొట్టి సెప్తాది. అలా సెప్పాలనే అందులో ఆ కంపు కలుపుతారంట. నీకేమో అది తెల్దు."

వరహాలమ్మకి ఒళ్ళు మండింది. లోకంలో అందరికీ చెప్పి తనకొక్కదానికే చెప్పని పొయ్యిని ఇంట్లోకి ఎందుకు తెచ్చినట్టు? అయితే నీలం మంట మీద పాలు చిటికెలో పొంగడం చూశాక ఆ కోపం నిలవలేదు.

ఎనభై ఒకటిలో పోలిరాజు గుండెనొప్పితో పోయాడు. దినాలయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళాక, వరహాలమ్మ రెగ్యులేటరు కట్టేసి, పొయ్యి మీద పాత చీర కప్పి, అటక మీంచి కిరసనాయిలు పంపు స్టవ్వు దింపుకుంది. ఆయన పెట్టిన రూలు ఆయన లేకపోయినా రూలే కదా మరి.

అలా కప్పి ఉంచిన పొయ్యికి సేవ మాత్రం మానలేదు. శుక్రవారం వచ్చిందంటే చీర తీసి, ఇత్తడి బర్నర్లు చింతపండు నీళ్ళలో నానబెట్టి, పిన్నీసుతో ఒక్కో కన్నం పొడిచి, తుడిచి ఆరబెట్టి, మళ్ళీ కప్పేది. వెలిగించని పొయ్యికి ఇంత ఆర్భాటం ఏమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో గానీ, అడగడానికి ఎవరూ లేరు. పొద్దున్న నీళ్ళకి వీధి కుళాయి దగ్గర నాలుగు మాటలు. తర్వాత రోజంతా రైళ్ళ మోత. ఒక్కోసారి సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

ఎనభై నాలుగు వానాకాలంలో రేషన్ షాపులో కిరసనాయిలు ఆగిపోయింది. రేపు రమ్మంటారు, రేపు వెళ్తే మళ్ళీ రేపంటారు. డబ్బాలో చుక్క లేదు, రెండు రోజులుగా అటుకులు నానబోసుకు తింటోంది. ఆవిడ చీర తీసి గ్యాస్ పొయ్యికేసి చాలాసేపు చూసింది. రెగ్యులేటరు తిప్పబోయి భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏదైనా అయితే తనకి తెలిసేలోపే అయిపోతుంది.

పక్క వాటాలో ఆ ఏడే కొత్తగా దిగింది చాంద్ సుల్తానా. మొగుడు సిరాజ్‌కి పాతూర్లో వాచీలు బాగుచేసే కొట్టుంది, పొద్దుపోతే గానీ ఇల్లు చేరడు. సుల్తానా వాళ్ళ నాన్న అత్తరు వ్యాపారి. కుళాయి దగ్గర ఆ పిల్ల గొప్పలన్నీ తన ముక్కు గురించే. కళ్ళకి గంతలు కట్టినా మల్లె అత్తరేదో, మొగలి అత్తరేదో చెప్పేస్తుందట.

దీపాలు పెట్టే వేళకి వరహాలమ్మ వెళ్ళి ఆ తలుపు తట్టింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి, పైట కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ చెప్పింది.

"ఓసారొచ్చి వాసన సూస్తావా అమ్మా? లీకుందో లేదో సెప్పేసి ఎల్లిపోదువు గాని."

సుల్తానా నవ్వలేదు. వెంటనే వచ్చింది. వరహాలమ్మ రెగ్యులేటరు తెరిచాక, మోకాళ్ళ మీద వంగి, సిలిండరు మెడ దగ్గర, రబ్బరు గొట్టం పొడుగునా, మీటల దగ్గర, అత్తరు దూది వాసన చూసినట్టు తల ఓ పక్కకి వాల్చి చూసింది.

"ఏటీ లేదు పిన్నీ. ఎలిగించు."

ఆ రోజు అన్నంతో పాటు టీ కూడా పెట్టింది వరహాలమ్మ. చెప్పేసి వెళ్ళిపోవలసిన పిల్ల పీట వాల్చుకుని కూర్చుంది. మర్నాడూ వచ్చింది. తర్వాత రోజూ వచ్చింది. పొయ్యి సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయేది. మిగిలిన గంటా కబుర్లే.

"వీదిలో ఇప్పుడేటి వాసనమ్మా?" అని అడిగేది వరహాలమ్మ, రేడియోలో వార్తలు అడిగినట్టు.

"సివరింట్లో ఎండుసేపలు ఏపుతన్నారు. గాలి సముద్రం కాణ్ణించి తిరిగినాది, వానొచ్చీలాగున్నాది. ఇంకోటి సెప్తాను, ఏటీ అనుకోకు పిన్నీ. నీ తలకి రాసే కొబ్బరినూనె కంపొస్తన్నాది."

వరహాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాడే ఆ సీసా పారేసి కొత్తది కొంది. ఎన్నాళ్ళ నుంచి ఆ కంపుతో తిరుగుతోందో, చెప్పే దిక్కు లేకపోయింది. ఇప్పుడు చెప్పే మనిషి దొరికింది. రోజంతా ఆ ఒక్క గంట కోసమే గడిచేది.

దసరా ముందు కొత్త సిలిండరు వచ్చింది. తెచ్చిన దాలయ్య నోరు ఊరుకోని మనిషి. గొట్టం బిగించి మంచినీళ్ళు తాగుతుంటే, ఎవరో తెలిసినావిడ సంగతి అన్నట్టుగా అడిగింది వరహాలమ్మ, వాసన తెలియనివాళ్ళు లీకు ఎలా కనిపెడతారని.

"అదెంత బాగ్గెం! సబ్బు నురగ కట్టి, గొట్టం అతికిన కాడల్లా పుయ్యమను. బుడగ పొంగితే లీకు. పొంగకపోతే హాయిగా వండుకోమను. అగ్గిపుల్ల గీసి మాత్రం సూడొద్దను. అలా సూసే మహానుబావులు కూడా ఉన్నారమ్మా మనూళ్ళో." గ్లాసులో నురగ కట్టి, పూసి చూపించాడు. "దీనికింక ముక్కుతో పనే లేదు."

మధ్యాహ్నమంతా వరహాలమ్మ కాలు నేలమీద నిలవలేదు. ఇక ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలిగించుకోవచ్చు. ఇలా మురుస్తూ ఉండగానే సాయంత్రమయింది, వీధిలో సుల్తానా గాజులు వినిపించాయి. అప్పుడు గానీ ఆవిడకి తట్టలేదు. ముక్కుతో పని లేదంటే ఆ ముక్కు గల మనిషికి ఇక్కడేం పని? ఆ పిల్ల ఎందుకొస్తుంది? గబగబా నురగ గ్లాసు బియ్యం డబ్బా వెనక దాచేసింది.

అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని నురగ పూసి చూసుకోవడం, పొడిగుడ్డతో తుడిచెయ్యడం, సాయంత్రం ఏమీ ఎరగనట్టు "ఓసారి సూడమ్మా" అనడం. యాభై దాటిన మనిషికి ఇదేం దొంగతనమని మీరు అనొచ్చు. ఆవిడా అనుకుంది. అనుకుని మర్నాడు మళ్ళీ అదే చేసింది.

చలికాలం వచ్చింది. ఓ రోజు సుల్తానా తలకి శాలువా చుట్టుకుని వచ్చింది. గొంతు బొంగురు. పడిశమా అంటే, కాదు పిన్నీ గొంతు పట్టినాది అంతే అంది. వంగి వాసన చూసింది, ఏటీ లేదంది. ఆ తర్వాత కూడా అంతే. వీధిలో ఏం వాసన అంటే "ఎవళ్ళో కూరేదో వండుతన్నారు" అని ఊరుకునేది. ఏం కూర అంటే మాట మార్చేది. వరహాలమ్మకి అనుమానం తగలకపోలేదు. అడిగితే రాకుండా పోతుందేమోనని నోరెత్తలేదు.

ఆ వారంలోనే ఒకనాడు వరహాలమ్మ పింఛను పని మీద పోర్టు ఆఫీసుకి వెళ్ళి, చీకటి పడే వేళకి ఇల్లు చేరింది. వెనకాలే సుల్తానా వచ్చింది. నురగ పూసి చూసుకునే తీరిక లేకపోయింది. రెగ్యులేటరు తెరిచింది. సుల్తానా వంగింది, లేచింది.

"ఏటీ లేదు. ఎలిగించు పిన్నీ."

వరహాలమ్మ అగ్గిపెట్టె తీసింది. పుల్ల చేతిలో ఉంది గానీ చెయ్యి కదలలేదు. నురగ తీస్తే దొంగతనం బయటపడుతుంది, ఈ పిల్ల ఇక రాదు. తియ్యకుండా గీస్తే? తనొక్కతే ఉంటే గీసేసేదేమో. కానీ పక్కన ఈ పిల్ల శాలువా కప్పుకుని, టీ కోసం చూస్తూ కూర్చుని ఉంది. వరహాలమ్మ అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని, బియ్యం డబ్బా వెనక నుంచి గ్లాసు తీసి, నురగ కట్టి, గొట్టానికి పూసింది. పొయ్యి వైపు కొసన బుడగ లేచింది. చిట్లి, మళ్ళీ లేచింది.

"ఏటది?" అంది సుల్తానా. మసకలో సరిగ్గా కనపడక లైటు స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టుకోకు! నిప్పురవ్వ సాలు, ఇద్దరం పోతాం!" వరహాలమ్మ ఆ చెయ్యి లాగేసి, రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, పిల్లని అరుగు మీదికి లాక్కొచ్చింది.

సుల్తానా శాలువా కొస మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"వారం బట్టీ నాకేటీ తెలడం లేదు పిన్నీ. ముక్కు దిబ్బడేసి పోనాది. అత్తరు సాయిబు కూతురికి వాసన తెల్దంటే నవ్వుతారని... రేపు తగ్గిపోద్ది, ఎల్లుండి తగ్గిపోద్ది అనుకున్నాను. అల్లా, ఎంత పని సేసేసేదాన్ని!"

అక్కడితో వరహాలమ్మ ఊరుకుంటే బాగుండేది. కానీ ఆ పిల్ల అలా ఏడుస్తుంటే తను మంచిదానిలా కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నాకు దసరా ముందు కాణ్ణించే తెలుసమ్మా ఈ నురగ సంగతి. రోజూ మద్దేనం సూసుకుంటన్నాను."

సుల్తానా ఏడుపు ఆగిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ నాను ఒంగి వాసన సూస్తంటే నువ్వు ఎనకాల నిలబడి తమాసా సూసినావా?"

"తమాసా కాదే తల్లీ..."

వినలేదు. శాలువా లాక్కుని వెళ్ళిపోయింది. పక్కింటి తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

మర్నాడు దాలయ్య వచ్చి బీటలిచ్చిన గొట్టం మార్చాడు. నురగ పూస్తే ఒక్క బుడగ లేదు. మంట నీలంగా, నిలకడగా వెలిగింది. వరహాలమ్మకి ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు. సాయంత్రం ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కుళాయి దగ్గర సుల్తానా బిందె నింపుకుని తల తిప్పుకుని వెళ్ళిపోయింది. గోడ అవతల దగ్గు వినిపించేది, కొన్నాళ్ళకి ఆ దగ్గూ తగ్గిపోయింది. గోడ అవతల మనిషి ఉండీ మాట లేకపోవడం, అసలు ఎవరూ లేకపోవడం కన్నా కష్టంగా ఉంది ఆవిడకి.

ఒక సాయంత్రం పొయ్యి తుడుస్తూ తుడుస్తూ వరహాలమ్మ వేళ్ళు గొట్టం బిగించిన క్లిప్పు మీద ఆగాయి. కాస్త వదులు చేస్తే చాలు. కంపు గోడ దాటుతుంది. ఆ పిల్ల ముక్కు ఇప్పుడు బాగానే ఉంది, పరిగెత్తుకు వస్తుంది. నిజంగానే మర వదులు చెయ్యబోయింది. అంతలో తను చేస్తున్నదేమిటో తెలిసివచ్చింది. చెయ్యి తీసేసి, రెగ్యులేటరు కట్టేసి, అలాగే తడి చేతులతో వీధిలోకి వచ్చి పక్కింటి తలుపు కొట్టింది.

సుల్తానా తలుపు తీసి, ఆవిడ మొహం చూసి భయపడింది.

"ఏటయినాది పిన్నీ? మళ్ళీ లీకా?"

"లేదమ్మా. గ్యాసు బాగానే ఉన్నాది." వరహాలమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నానే బాగోలేను. ఒక్కదాన్నీ ఉండలేకపోతన్నాను. ఇంకేటీ పని లేదు నీతోటి. కాసేపు రా."

సుల్తానా వెనక తలుపు దగ్గరగా వేసి గడప దాటింది.

"ఆ మాట అప్పుడే సెప్పొచ్చు కదా," అంది.

"సిగ్గేసిందమ్మా," అంది వరహాలమ్మ.